పరిశుద్ధత: లేఖనంలో, సంఘ చరిత్రలో, తెలుగు క్రైస్తవ జీవితంలో

క్రైస్తవ ఆరాధనలో పరిశుద్ధత అన్న మాట వినబడని ఆదివారం ఉండదు గాని, దాని అర్థం విషయంలో సంఘాలన్నీ ఒక్క మాట మీద లేవు. దేవుణ్ణి పరిశుద్ధుడని కీర్తించే విశ్వాసి, ఆ మాట తనకు కూడా వర్తిస్తుందా, వర్తిస్తే ఎప్పటి నుంచి, ఎవరి వల్ల, ఏ గుర్తులతో అన్న ప్రశ్నలకు తాను పెరిగిన సంప్రదాయాన్ని బట్టి వేర్వేరు సమాధానాలు చెబుతాడు. హైదరాబాదు తూర్పు అంచున ఉప్పల్, నాచారం, కుషాయిగూడ మీదుగా కీసర మండలంలోని నాగారం దాకా విస్తరించిన కాలనీలలో ఈ భిన్నత్వం పక్కపక్కనే కనిపిస్తుంది. 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ వంటి ప్రభుత్వ రంగ సంస్థలు, నాచారం పారిశ్రామికవాడ చూపించిన ఉపాధి కోసం వేర్వేరు జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబాలు తమ ఊళ్ల మిషన్ సంప్రదాయాలను వెంట తెచ్చుకున్నాయి. ఉప్పల్‌కు పొరుగునే ఉన్న రామంతాపూర్‌లో కథోలిక గురువులకు శిక్షణనిచ్చే సెయింట్ జాన్స్ సెమినరీ ఉంది. ఇలాంటి చోట ఒకరికి పరిశుద్ధత సంస్కారాల ద్వారా అందే కృప, మరొకరికి తెల్లని వస్త్రాలతో నగలు లేకుండా సాగే వేర్పాటు జీవితం, ఇంకొకరికి పరిశుద్ధాత్మ అభిషేకం. ఈ అవగాహనలు ఎక్కడ పుట్టాయి, ఏ విషయంలో కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి, తెలుగు నేల మీద అవి ఏ పరీక్షను ఎదుర్కొన్నాయి అన్నది ఈ సమీక్షకు విషయం.

హెబ్రీ లేఖనాలలోని పునాది

పాత నిబంధనలో పరిశుద్ధత మొదట మనిషి గుణం కాదు. అది దేవుని స్వభావం. సృష్టిలో దేనితోనూ పోల్చడానికి వీలులేని ఆయన అన్యత్వాన్ని, ఆయన సన్నిధిలో మనిషికి కలిగే భయభక్తులను ఆ మాట సూచిస్తుంది. ఉజ్జియా రాజు మరణించిన సంవత్సరంలో యెషయా ప్రవక్తకు కలిగిన దర్శనం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. సెరాపులు ముమ్మారు దేవుని పరిశుద్ధతను ఘోషించినప్పుడు ప్రవక్త చేసిన మొదటి పని తన పెదవుల అపవిత్రతను, తన ప్రజల అపవిత్రతను ఒప్పుకోవడం. బలిపీఠం మీది నిప్పు అతని పెదవులను తాకిన తరువాతనే అతడు పంపబడ్డాడు. జర్మన్ పండితుడు రుడాల్ఫ్ ఆటో 1917లో ప్రచురించిన గ్రంథంలో, వణుకు పుట్టిస్తూనే ఆకర్షించే ఈ అనుభవాన్ని మతానుభూతికి మూలంగా వర్ణించాడు. అయితే యెషయా గ్రంథపు మొదటి అధ్యాయాన్ని కలిపి చదివితే ఆ వర్ణన ఒక్కటే చాలదని తెలుస్తుంది. తండ్రిలేని పిల్లలకు న్యాయం చేయని చేతులతో అర్పించే బలులు దేవునికి అసహ్యమని అదే ప్రవక్త ప్రకటించాడు.

దేవునికి చెందినది ఏదైనా ఆయన కారణంగానే పరిశుద్ధమవుతుంది. మండుతున్న పొద దగ్గర మోషే నిలిచిన నేల, గుడారంలోని పాత్రలు, విశ్రాంతి దినం, యాజకులు, చివరికి ఇశ్రాయేలు జనమంతా ఈ కారణం చేతనే పరిశుద్ధమని పిలవబడ్డారు. తెలుగు సంఘాలలో ‘ప్రత్యేకింపబడుట’ అని చెప్పేది ఈ భావమే. దేని నుంచి ప్రత్యేకించారు అన్నదానికంటే ఎవరి కోసం ప్రత్యేకించారు అన్నది ఇందులో ముఖ్యం. మొదటిది రెండవదాని ఫలితం మాత్రమే.

లేవీయకాండములోని 17 నుంచి 26 వరకు ఉన్న అధ్యాయాలను పండితులు ‘పరిశుద్ధతా నియమావళి’ అని వ్యవహరిస్తారు. వాటికి హృదయం వంటిది 19వ అధ్యాయం. దేవుడు పరిశుద్ధుడు కనుక ప్రజలు పరిశుద్ధులై ఉండాలన్న ఆజ్ఞతో మొదలైన ఆ అధ్యాయం ఆ వెంటనే తల్లిదండ్రుల గౌరవం, విశ్రాంతి దినం, విగ్రహ నిషేధం గురించి చెప్పి, పంట కోసేటప్పుడు పొలం అంచులను పేదలకు, పరదేశులకు విడిచిపెట్టమంటుంది. కూలివాని కూలిని తెల్లవారే దాకా ఉంచుకోవద్దంటుంది. చెవిటివానిని తిట్టవద్దని, గుడ్డివాని దారిలో అడ్డం వేయవద్దని, తూకాలు కొలతలు న్యాయంగా ఉండాలని, పొరుగువానిని తనవలె ప్రేమించాలని శాసిస్తుంది. ఆరాధన నియమాలూ అంగడి నియమాలూ ఒకే వరుసలో, ఒకే కారణంతో చెప్పబడటం గమనించవలసిన విషయం. పరిశుద్ధతను గుడి గోడల లోపలికి, లేదా వ్యక్తి అంతరంగంలోకి మాత్రమే కుదించడానికి ఈ అధ్యాయం అవకాశమివ్వదు.

యేసు బోధ, అపొస్తలుల వివరణ

అదే లేవీయకాండములో శుద్ధాశుద్ధ నియమాలు కూడా ఉన్నాయి. కుష్ఠరోగి పాళెం వెలుపల నివసించాలి. శవాన్ని, రక్తస్రావాన్ని తాకినవాడు కొంతకాలం అశుద్ధుడు. సువార్తలలో యేసు ఈ హద్దుల దగ్గరికే పదేపదే వెళ్లాడు. కుష్ఠరోగిని మాటతోనే బాగుచేయగలిగినవాడు చేయి చాపి ముట్టాడు. పన్నెండేళ్ల రక్తస్రావంతో బాధపడిన స్త్రీ తన వస్త్రాన్ని తాకితే ఆమెను కుమారీ అని పిలిచి సమాధానంతో పంపాడు. మైల పరిశుద్ధుని అంటుకోలేదు. పరిశుద్ధుని స్పర్శే రోగిని శుద్ధి చేసి సమాజంలోకి తిరిగి తెచ్చింది. మార్కు సువార్త 7వ అధ్యాయంలో, మనిషిని అపవిత్రపరచేది లోపలికి పోయే ఆహారం కాదని, హృదయంలో నుంచి బయటికి వచ్చే దురాలోచనలని ఆయన బోధించాడు. అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయంలో ఈ బోధ సంఘపు ఆచరణగా మారింది. యూదుడైన పేతురు అన్యుడైన కొర్నేలీ ఇంట అడుగుపెట్టి, ఏ మనిషినీ నిషిద్ధుడని గాని అపవిత్రుడని గాని చెప్పకూడదని దేవుడు తనకు చూపించాడని ఒప్పుకున్నాడు.

పౌలు లేఖలలో పరిశుద్ధత రెండు కాలాలలో కనబడుతుంది. కొరింథు సంఘం వర్గాలుగా చీలింది. అక్కడ వ్యభిచారం ఉంది, కోర్టు తగాదాలు ఉన్నాయి, ప్రభువు బల్ల దగ్గర పేదలకు అవమానం జరిగింది. అయినా పౌలు ఆ సంఘాన్ని క్రీస్తు యేసునందు పరిశుద్ధపరచబడినవారనే సంబోధించాడు. ఇది క్రీస్తు వలన ఇప్పటికే లభించిన స్థితి. అదే పౌలు థెస్సలొనీకయులకు రాస్తూ వారు పరిశుద్ధులవడం దేవుని చిత్తమని, ఇంకా సాగవలసిన నడకగా చెప్పాడు. హెబ్రీ పత్రిక కూడా ఒక్క బలి ద్వారా పరిశుద్ధపరచబడినవారి గురించి చెప్పి, పరిశుద్ధతను వెంటాడమని హెచ్చరిస్తుంది. స్థితిని మరిచినవారికి పరిశుద్ధత మోయలేని బరువవుతుంది. నడకను మరిచినవారికి అది పేరుకు మాత్రమే మిగులుతుంది. ఆ నడకకు గుర్తులుగా గలతీ పత్రిక చెప్పిన ఆత్మఫలంలోని తొమ్మిది అంశాలలో ప్రేమ, దీర్ఘశాంతం, దయాళుత్వం, ఆశానిగ్రహం ఉన్నాయి. దుస్తులకు, భోజనానికి సంబంధించినది ఒక్కటీ లేదు.

సంఘ చరిత్రలోని వివరణలు

తూర్పు సనాతన సంఘాలు పరిశుద్ధతను దైవజీవంలో పాలుపంచుకోవడంగా వివరించాయి. మనిషి దేవుడైపోవడం ఇక్కడి భావం కాదు. అగ్నిలో ఉన్న ఇనుము ఇనుముగానే ఉంటూ అగ్ని గుణాన్ని పొందినట్టు, కృప వలన దేవుని పోలికలోకి ఎదగడం. పశ్చిమ సంఘంలో అగస్టీను (354–430) ప్రభావం వల్ల కృప, పాపం అన్న రెండు మాటల చుట్టూ చర్చ సాగింది. మధ్యయుగాలలో సన్యాస జీవితం పరిశుద్ధతకు ఉన్నతమైన మార్గమని, గృహస్థుల జీవితం తక్కువ మెట్టని భావించే ధోరణి బలపడింది. కథోలిక సంఘమే 1964లో, రెండవ వాటికన్ మహాసభ వెలువరించిన సంఘ విషయక శాసనపు ఐదవ అధ్యాయంలో, పరిశుద్ధతకు పిలుపు గురువులకూ మఠకన్యలకూ మాత్రమే కాక, కుటుంబంలో, ఉద్యోగంలో ఉన్న ప్రతి విశ్వాసికీ సమానంగా వర్తిస్తుందని స్పష్టం చేసింది.

మార్టిన్ లూథర్ 16వ శతాబ్దంలో, విశ్వాసి ఏకకాలంలో నీతిమంతుడూ పాపీ అని బోధించాడు. క్రీస్తు నీతి విశ్వాసం ద్వారా మనిషికి ఆపాదించబడటాన్ని ‘నీతిమంతుడుగా తీర్చబడుట’ అంటారు. ఆ తరువాత జీవితమంతా ఆత్మ చేసే మార్పును ‘పరిశుద్ధీకరణ’ అంటారు. మొదటిది మూలం, రెండవది ఫలం. కాల్విన్ ఈ రెండింటినీ వేరుగా గుర్తించవచ్చు గాని విడదీయలేమని, క్రీస్తును పొందినవాడు రెండింటినీ కలిపే పొందుతాడని చెప్పాడు. ఈ అంశం మీద కొన్ని శతాబ్దాలుగా సాగిన వివాదంలో 1999లో కథోలికులు, లూథరన్లు ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేయగా, 2006లో మెథడిస్టులు దానితో ఏకీభవించారు.

జాన్ వెస్లీ (1703–1791) చర్చను మరొక మెట్టు ఎక్కించాడు. 1766లో ప్రచురించిన తన గ్రంథంలో అతడు ‘క్రైస్తవ పరిపూర్ణత’ అన్నది తప్పులు చేయలేని స్థితి కాదని, దేవుణ్ణి పూర్ణ హృదయంతో, పొరుగువానిని తనవలె ప్రేమించే స్థితి అని, అది ఈ జీవితంలోనే సాధ్యమని వాదించాడు. ఒంటరి పరిశుద్ధత అన్నది సువార్తకు తెలియదని 1739లోనే అతడు రాశాడు. అతని అనుచరులు చిన్న గుంపులుగా కూడి ఒకరి జీవితాన్ని ఒకరు పరిశీలించుకునేవారు, ఖైదీలను దర్శించేవారు. వెస్లీ తన చివరి ఉత్తరాలలో ఒకటి బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా పోరాడుతున్న విల్బర్‌ఫోర్స్‌కు రాశాడు. ఆ తరువాత 1875లో ఇంగ్లాండులో మొదలైన కెజిక్ మహాసభలు, సంపూర్ణ సమర్పణ ద్వారా పాపం మీద విజయ జీవితాన్ని బోధించాయి. 1906లో లాస్ ఏంజిలిస్‌లోని అజూసా వీధిలో విలియం సేమూర్ నడిపిన కూటాల నుంచి పెంతెకొస్తు ఉద్యమం ప్రపంచమంతా వ్యాపించింది. బానిసత్వం నుంచి విముక్తులైన తల్లిదండ్రులకు పుట్టిన సేమూర్ కూటాలలో నల్లవారు, తెల్లవారు కలిసి మోకరించడం ఆ కాలపు అమెరికాలో అరుదైన దృశ్యం. అయితే పరిశుద్ధీకరణ మారుమనస్సు తరువాత వచ్చే ప్రత్యేక అనుభవమా, లేక సిలువలో ముగిసిన కార్యంలో భాగమై క్రమంగా ఎదిగేదా అన్న విషయంలో కొన్నేళ్లలోనే ఆ ఉద్యమం రెండుగా చీలింది.

తెలుగు నేల మీద

ఈ బోధలు తెలుగు గ్రామాలకు చేరేసరికి అక్కడ పవిత్రతకు సంబంధించిన మరొక వ్యవస్థ వేళ్లూనుకుని ఉంది. మడి, మైల, అంటు అన్న భావనలు ఎవరు ఏ బావిలో నీళ్లు తోడాలో, ఎవరి వాకిట ఎవరు ఎంత దూరంలో నిలబడాలో నిర్ణయించేవి. శుద్ధి పుట్టుకతో వచ్చేది, మైల స్పర్శతో అంటేది. కాబట్టి పరిశుద్ధుడైన దేవుడు మాదిగ పల్లెను తన ప్రజగా పిలిచాడన్న వార్త ఇక్కడ సిద్ధాంతానికి మాత్రమే పరిమితం కాలేదు.

ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అనుభవం దీనికి ఒక సాక్ష్యం. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది. మాదిగ కులానికి చెందిన ఎర్రగుంట్ల పేరయ్య, అప్పటికే యోగ మార్గంలో గురువుగా పేరున్నవాడు, తన బంధువర్గంలో సువార్తను వ్యాపింపజేశాడు. వీరిని చేర్చుకుంటే తాము రామని పట్టణంలోని పై కులాలవారు చెప్పినప్పుడు, లోకంలో నీచులను దేవుడు ఏర్పరచుకున్నాడన్న కొరింథీ పత్రిక మొదటి అధ్యాయాన్ని క్లౌ దంపతులు ఇద్దరూ విడివిడిగా తెరిచి చదివారని, ఆ వాక్యం ఆధారంగా మాదిగలవైపే నిలిచారని క్లౌ నమోదు చేశాడు. కొత్త విశ్వాసులకు ఆయన పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చూడటానికి ఇవి ఆచార నియమాలే. కాని ఆదివారం పనికి రాననడం భూస్వామి అధికారాన్ని ప్రశ్నించడం, చచ్చిన గొడ్డు మాంసాన్ని నిరాకరించడం కులం అప్పగించిన బతుకును నిరాకరించడం, జాతరలో డప్పు కొట్టననడం ఊరి కట్టుబాటును ధిక్కరించడం. అందుకు ఆ విశ్వాసులు దెబ్బలు, బహిష్కరణలు భరించారు. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకం పనిని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు; తిండి కోసం మతం మారారన్న మాట రాకుండా ఆ కాలంలో బాప్తిస్మాలను ఆపివేశాడు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. పల్లె సంఘాలలో ఆయన పోరాడిన శత్రువులు నాలుగు: మురికి, రోగం, అప్పు, తాగుడు. వడ్డీ వ్యాపారి చేతిలో చిక్కిన కుటుంబానికి పరిశుద్ధ జీవితం గురించి చెప్పేవాడు అప్పు గురించి కూడా మాట్లాడాలన్నది ఆయన అవగాహన. 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ ఎపిఫనీ కేథడ్రల్‌లో దేవాలయ, మసీదు వాస్తు రీతులను కలపడం ద్వారా, ప్రత్యేకింపబడిన జనం నేలకు పరాయివారు కానక్కర్లేదని ఆయన చూపాడు.

వెస్లీ వారసత్వం తెలంగాణకు నేరుగా చేరింది వెస్లియన్ మిషన్ ద్వారా. చార్లెస్ వాకర్ పోస్నెట్ నాయకత్వంలో, కరువు బాధితులకు పని కల్పిస్తూ కట్టిన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది. అదే మిషన్‌కు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠరోగుల ఆసుపత్రిని స్థాపించారు. హిందువైన రాజా నర్సా గౌడ్ దానికి విరాళమిచ్చాడు. ఊరి వెలుపలికి నెట్టబడినవారి పుండ్లు కడగడం, వారికి వైద్యం చేయడం వెస్లీ చెప్పిన పరిపూర్ణ ప్రేమకు తెలుగు నేల మీద దొరికిన అత్యుత్తమ వ్యాఖ్యానం. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో ఈ మిషన్ సంఘాలు మెదక్ అధ్యక్ష మండలంగా కలిశాయి.

విదేశీ మిషన్ల ఆధారం లేకుండా భారతీయులే నడిపిన ఉద్యమాలు పరిశుద్ధతకు మరో రూపం ఇచ్చాయి. లూథరన్ సంఘంలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన ముంగమూరి దేవదాసు 1938లో బైబిలు మిషనును స్థాపించాడు. దేవుని ‘సన్నిధి’లో మౌనంగా కనిపెట్టడం ఆ మిషను సాధనకు కేంద్రం. పి.ఎం. శామ్యూల్ వంటివారు ఏలూరు కేంద్రంగా పెంతెకొస్తు సంఘాలను విస్తరించారు. ఇండియన్ పెంతెకొస్తు సంఘం అక్కడే 1935లో రిజిస్టరైంది. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, 1929లో కెనడాలో క్రీస్తును విశ్వసించిన భక్త్ సింగ్ (1903–2000) హైదరాబాదులోని హెబ్రోను కేంద్రంగా దశాబ్దాలపాటు పరిచర్య చేశాడు. లేవీయకాండము 23వ అధ్యాయాన్ని అనుసరించి ఆయన జరిపిన హోలీ కన్వొకేషన్లలో వేలమంది నేల మీద చాపలపై కూర్చుని, కులభేదం లేకుండా ఒకే పంక్తిలో ప్రేమ విందు తినేవారు. కథోలికులలో, కృష్ణా జిల్లా పెద్ద అవుటపల్లిలో పేదల మధ్య జీవించి 1945లో మరణించిన బ్రదర్ జోసఫ్ తంబిని ఇప్పటికీ వేలాది భక్తులు స్మరించుకుంటారు.

బాహ్య చిహ్నాలు, దాగిన మినహాయింపులు

నేటి తెలుగు సంఘాలలో పరిశుద్ధతను గురించిన వివాదం ఎక్కువగా నగలు, బొట్టు, సినిమా, దుస్తుల చుట్టూ తిరుగుతుంది. కొన్ని పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలలో బాప్తిస్మానికి ముందు నగలు తీసివేయమంటారు. ఈ నియమాలకు న్యాయమైన కారణం లేకపోలేదు; పేతురు పత్రిక అంతరంగ స్వభావాన్ని బంగారు ఆభరణాల కంటే విలువైన అలంకారంగా చెప్పింది, బంగారం కొలిచి మనుషులను తూచే సమాజంలో నగలు లేని సోదరి ఒక స్వేచ్ఛను కూడా ప్రకటిస్తుంది. కాని నియమాల భారం దాదాపు పూర్తిగా స్త్రీల మీదనే పడటం, వాటిని పాటించని సంఘాలవారిని రక్షణ లేనివారిగా లెక్కించడం ఆ సాక్ష్యాన్ని బలహీనపరుస్తాయి. మరోవైపు, బాల్య బాప్తిస్మం, సంస్కారం, ఆదివారపు హాజరు ఉంటే చాలనుకునే పాత మిషన్ సంఘాలలో, జీవితంలో మార్పు కోరే బోధ ఉజ్జీవ కూటాల మూడు రోజులకే పరిమితమైపోయింది.

ఇరుపక్షాలకూ ఉమ్మడిగా ఉన్న లోపం ఇంకా లోతైనది. లేవీయకాండము 19వ అధ్యాయం అడిగే ప్రశ్నలను ఇద్దరూ అడగడం లేదు. మెడలో నగ వేసుకోని కుటుంబం పెళ్లి బేరంలో కట్నం అడగడం మాననప్పుడు, ఆ వేర్పాటు దేనికి సంబంధించినదో ఆలోచించాలి. చారిత్రకంగా బాప్టిస్టు సంఘాలలో మాదిగలు, లూథరన్ సంఘాలలో మాలలు అధికంగా చేరడంతో కులపు గీతలు డినామినేషన్ల గీతలుగా మారిన చోట్లు ఉన్నాయి. వివాహ సంబంధాలలో, ఎన్నికలలో, కొన్ని చోట్ల శ్మశానంలో కూడా ఆ గీతలు కనిపిస్తాయి. అర్వింద్ నిర్మల్ 1980లలో ప్రారంభించిన దళిత వేదాంతం, మైల అని తోసివేయబడినవారి పక్షాన నిలిచిన క్రీస్తును చూపి సంఘాన్ని ఈ విషయంలోనే ప్రశ్నించింది. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ తొలి తెలుగు కార్డినల్‌గా, తొలి దళిత కార్డినల్‌గా నియమితుడవడం సంతోషించదగిన ఘటనే అయినా, ఆ గౌరవం రావడానికి అన్ని శతాబ్దాలు పట్టడం సంఘం ఆలోచించవలసిన విషయం.

తూర్పు హైదరాబాదు కాలనీలలో లేవీయకాండము 19వ అధ్యాయం నేటికీ అక్షరాలా వర్తిస్తుంది. అక్కడి విశ్వాసులలో కూలి తీసుకునేవారూ ఉన్నారు, కూలి ఇచ్చేవారూ ఉన్నారు. కాంట్రాక్టు కార్మికుని జీతాన్ని నెల తరువాత నెలకు నెట్టే యజమాని, లేబర్ అడ్డా నుంచి తెచ్చుకున్న మేస్త్రీకి సాయంత్రం సగం డబ్బే ఇచ్చి పంపే ఇంటి యజమాని, ఇంటి పనిమనిషికి వేరే గ్లాసు ఉంచే గృహిణి ఆదివారం ముమ్మారు పరిశుద్ధుడని పాడితే, ఆ పాట మీద మొదట తీర్పు చెప్పేది ప్రవక్త యెషయానే.

సమీక్షా ఫలితం

సంప్రదాయాల మధ్య భేదాలు నిజమైనవే అయినా మూడు విషయాలలో అవి కలుస్తాయి. పరిశుద్ధతకు మూలం దేవుడే, మనిషి దాన్ని కృప వలన పొందుతాడు. పొందినది జీవితంలో కనబడాలి. అది ఒంటరిగా ఎదగదు. లూథరన్ బోధ విశ్వాసిని నిరాశ నుంచి, వెస్లియన్ బోధ సోమరితనం నుంచి, పెంతెకొస్తు బోధ ఆత్మశక్తి లేని ఆచారం నుంచి, కథోలిక, సనాతన బోధలు వ్యక్తివాదం నుంచి కాపాడతాయి. కాబట్టి ఒక దాన్ని ఎన్నుకుని మిగిలినవాటిని తోసివేయడం కంటే ఒకదాని లోటును మరొకదానితో పూరించుకోవడం తెలుగు సంఘానికి మేలు.

ఒంగోలు, దోర్నకల్, డిచ్‌పల్లి, హెబ్రోను చరిత్రలు చెప్పే తీర్పు ఒకటే: ఈ నేల మీద పరిశుద్ధత నమ్మదగినదిగా కనబడిన ప్రతిసారీ అది దూరంగా ఉంచబడిన మనిషిని దగ్గరికి తీసుకుంది, దూరాన్ని పెంచిన ప్రతిసారీ అది తాను ఎదిరించవలసిన మడి కట్టుబాటులోకే జారిపోయింది. సంఘ పెద్దలు బాప్తిస్మానికి సిద్ధపడేవారిని వస్త్రాల గురించి, నగల గురించి అడిగే ముందు, పనివారికి ఇవ్వవలసిన కూలి ఇచ్చారా, కట్నం అడగబోమని మాట ఇస్తారా, ఏ కులం వారితోనైనా కలిసి భోజనం చేస్తారా అని అడగాలి. ఆ ప్రశ్నలకు తాము ముందుగా జవాబు చెప్పి, తరువాత ఇతరులను అడగాలి.